లోపం లేదని మూడుసార్లు రాశాను

విశాఖపట్నంలో ముప్పై ఏళ్లకు పైగా కంప్యూటర్లు బాగుచేసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు వచ్చి, "అంకుల్, మీ అనుభవం నాలుగు ముక్కల్లో చెప్పండి" అని అడుగుతుంటారు. నాలుగు ముక్కల్లో చెప్పగలిగినదంతా ఫోనులో వీడియోగా దొరుకుతుంది. అందులో ఒకాయన నవ్వుతూ డబ్బా విప్పుతాడు, నవ్వుతూ మూస్తాడు, మిషన్ లేచి కూర్చుంటుంది. నా సర్వీసులో డబ్బా విప్పుతూ నవ్వే ధైర్యం నాకెప్పుడూ రాలేదు. నవ్వితే, "ఏటి, లోపల అంత బాగుందేటి?" అని అడిగే రకాలు మా కస్టమర్లు.

నా పేరు దేవసహాయం. పేరు విని చాలా ఆఫీసులు నా మీద అవసరానికి మించి ఆశ పెట్టుకున్నాయి. నా సంచిలో ఉండేది స్క్రూడ్రైవర్లు, ఒక బ్రష్షు, ఒక మీటరు, చిన్నపిల్లలు వాడే పెన్సిలు రబ్బరు. ఆ రబ్బరుతో మెమరీ కార్డు అంచులు రుద్ది మళ్లీ పెడితే సగం మిషన్లు లేస్తాయి. మిగతా సగం గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చచ్చిన మిషను, నటించే మిషను

ఊరంతా సీపీయూ అని పిలిచే ఆ డబ్బా పూర్తిగా చచ్చిపోతే భయపడకండి. చచ్చిన మిషన్ అబద్ధమాడదు. ప్లగ్గు చూస్తారు, వైరు చూస్తారు, యూపీఎస్ చూస్తారు, లోపలి పవర్ సప్లై మార్చి చూస్తారు. ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది. భయపడాల్సింది అప్పుడప్పుడు లేచే మిషన్‌కి. పొద్దున్న లేవదు. మీకు ఫోన్ చేస్తారు. మీరు ఎండలో బండి మీద ఊరు దాటి వెళ్లేసరికి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిపిల్లలా బుద్ధిగా వెలుగుతూ ఉంటుంది. అప్పుడు అందరూ మిషన్ వైపు కాదు, పొద్దున్న ఫిర్యాదు చేసిన మనిషి వైపు చూస్తారు. ఆ చూపు గుర్తుపెట్టుకోండి. ఈ కథంతా ఆ చూపు గురించే.

తెలివైనవాళ్లతో ఇంకో చిక్కు. రుషికొండలో ఒక సాఫ్ట్‌వేరు కుర్రాడు తన ఇంటి కంప్యూటరు ఒకోసారి లేవడంలేదని ఇంటర్నెట్ అంతా చదివి మెమరీ మార్చాడు, పవర్ సప్లై మార్చాడు, చివరికి బోర్డే మార్చాడు. నేను వెళ్లి గోడకున్న సాకెట్లో ప్లగ్గును వేలితో కదిపాను. వదులుగా ఊగుతోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలవమన్నాను. అతను నా వైపు చాలా నిరాశగా చూశాడు. అంత చదివినవాడికి అంత చిన్న జబ్బు రావడం అవమానంగా అనిపించినట్టుంది.

మరి నేను? అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, ఆ కుర్రాడికి పాఠం చెప్పిన కొద్ది నెలలకే నేనూ పడ్డాను.

మా ఓనరు గారి సిద్ధాంతం

నేను చాలాకాలం ఒక చిన్న సర్వీసు కంపెనీలో చేశాను. ఆఫీసులతో ఏడాది ఒప్పందం రాసుకుని వాళ్ల మిషన్లు చూసేవాళ్లం. ఓనరు సత్యం గారు మంచివాడే. నన్ను "బావా" అనే పిలిచేవాడు, జీతం పెంచమన్న రోజు తప్ప. ఆయన సిద్ధాంతం ఒక్కటే: కాల్ మూసెయ్యాలి. వెళ్లిన చోట మిషన్ వెలుగుతుంటే రిపోర్టు కాగితం మీద "లోపం లేదు" అని రాసి, సంతకం పెట్టించుకుని, తర్వాతి చోటికి పోవాలి.

"వెలుగుతున్న దీపం ముందు కూకుని ఎందుకారిపోనాదని ఏడుత్తారేటి బావా? రాసెయ్, వచ్చెయ్" అనేవాడు.

ఆ రెండు మాటలు నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. "లోపం లేదు" అంటే లోపం లేదని కాదు, నాకు దొరకలేదని. కానీ కాగితం మీద అలా కనపడదు. కాగితం మీద లోపం మిషన్లో లేదు అంటే, ఇక మనిషిలోనే ఉండాలి.

పోర్టు పక్కన ఆఫీసు

మల్కాపురం వెళ్లే దారిలో ఎగుమతి దిగుమతుల కాగితాలు చూసే ఒక ఏజెన్సీ ఉండేది. మూడు కంప్యూటర్లు, నలుగురు మనుషులు, మిగతాదంతా దుమ్ము. పోర్టు పక్కన బతికినవాళ్లకు ఆ దుమ్ము గురించి చెప్పక్కర్లేదు. తెల్ల చొక్కాతో వెళ్తే బూడిదరంగు చొక్కాతో వస్తాం. అందుకని ఆ ఆఫీసులో పొద్దున్నే బల్లలు, కుర్చీలు, కంప్యూటర్లు అన్నీ తడిగుడ్డతో తుడిచేవారు. కంప్యూటర్‌కి తడి తగలకూడదని నేను చెప్పినప్పుడల్లా ఎంతో గౌరవంగా తలూపి, మర్నాడు ఇంకాస్త శ్రద్ధగా తుడిచేవారు.

మేనేజరు అప్పారావు గారు భక్తిపరుడు. ప్రతి శుక్రవారం ఆఫీసు తెరవగానే దేవుడి పటానికి పూలు పెట్టి, అగరొత్తులు వెలిగించి, గంధం, కుంకుమ కలిపి ఒక్కో మిషన్‌కి తన చేత్తో బొట్టు పెట్టేవాడు. మన ఊళ్లో పని చేసేవాళ్లకు ఇది వింత కాదు. లారీకి పెడతాం, తూకం మిషన్‌కి పెడతాం, కంప్యూటర్ ఏం పాపం చేసింది?

అక్కడ క్లర్కు పైడితల్లి అనే అమ్మాయి. గోపాలపట్నం నుంచి బస్సులో వచ్చేది. ఆ రోజు లోపలికి వెళ్లాల్సిన లారీల జాబితా తొమ్మిదిన్నరలోపు పోర్టు గేటుకు పంపడం ఆమె పని. ఆమె మిషన్ లేవకపోతే లారీలు రోడ్డు మీదే. డ్రైవర్లు ఫోను చేసి అప్పారావు గారిని పలకరిస్తారు. ఆ పలకరింపు భాష ఇక్కడ రాయలేను. ఆమెది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఆ నెలాఖరుకే గడువు.

మిషన్ లేవడం లేదని మొదటిసారి ఫోను వచ్చిన రోజు నేను పదకొండున్నరకు వెళ్లాను. మిషన్ వెలుగుతోంది. ఆర్పాను, ముందున్న గుండ్రటి బటన్ మీద ఎర్రటి బొట్టు చూశాను. చూసి ఏం చేశాను? వేలు వెనక్కి తీసుకున్నాను.

దీనికి కారణం చెప్పాలి. నేను ఆదివారం చర్చికి వెళ్లేవాణ్ని. ఒకరి పూజ సామాను మీద చెయ్యి వెయ్యకూడదని మా నాన్న చిన్నప్పుడే చెప్పాడు. బొట్టున్న చోట వేలు పెడితే అది చెరిగి, "ఈయన చెరిపేశాడు" అనే మాట వస్తుందని నాకు లోపల భయం. అందుకని నాకొక అలవాటుండేది. బొట్టున్న మిషన్‌కి పక్క రేకు విప్పి, బటన్ నుంచి బోర్డుకు వచ్చే సన్నటి వైరు పీకేసి, అక్కడున్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపేవాణ్ని. మిషన్ లేస్తుంది. బటన్‌తో పనే లేదు. చూసేవాళ్లకు అది పెద్ద విద్యలా కనపడేది. నాకు కూడా కనపడేది, అదే తప్పు.

ఆ రోజూ అలాగే చేశాను. పదిసార్లు ఆర్పితే పదిసార్లూ లేచింది. వైరు మళ్లీ తగిలించి, "లోపం లేదు" అని రాశాను.

వారం తిరిగేసరికి రెండోసారి పిలిచారు. అదే వేళ, అదే స్క్రూడ్రైవరు, అదే రెండు మాటలు.

మూడోసారి మిషన్‌ని మా వర్క్‌షాపుకే తెచ్చి రెండు రోజులు బల్ల మీద పెట్టాను. అక్కడైతే ఏ మిషన్‌కీ బటన్ నొక్కే ఆచారమే లేదు, అంతా స్క్రూడ్రైవరే. బంగారంలా పని చేసింది. ఇచ్చేసి, ఈసారి కాస్త విసుగుతో ఇంకో ముక్క కలిపి రాశాను: "లోపం లేదు. వాడే విధానం సరిచూసుకోగలరు."

ఆ ముక్క రాసినప్పుడు నా చేతికి ఏమీ కాలేదు. అప్పారావు గారు దాన్ని రెండుసార్లు చదివి, పైడితల్లి వినేలాగే అన్నాడు.

"నాను ముందే సెప్పినాను దేవసాయం గారూ. ఆడలేక మద్దెల ఓడని ఈవిడి గోల. ఆలీసంగా వత్తాది, మిషన్ లేవలేదంటాది. ఇప్పుడు మీరే రాసిచ్చినారు."

కాగితం ఫైల్లోకి వెళ్లింది. ఆ అమ్మాయి తల వంచుకుని టైపు చేస్తూనే ఉంది.

నా దగ్గర స్క్రూడ్రైవర్ నేదు

రెండు రోజుల తర్వాత ఆమె నాకు నేరుగా ఫోను చేసింది. కంపెనీ నంబరుకు కాదు, నాకు.

"సార్, ఒక్క మాట అడుగుతాను, ఏటీ అనుకోకండి. మీరు మిషన్‌ని ఎలగ లేపుతున్నారు?"

పెద్ద విద్వాంసుడిలా పిన్నుల సంగతి చెప్పాను.

"నా దగ్గర స్క్రూడ్రైవర్ నేదు సార్. నాను బటనే నొక్కుతాను. మీరు ఒక్కసారి నాలాగ నొక్కి సూడండి. పదకొండుకి కాదు, తొమ్మిదికి రండి. నాను ఏ రోజు లేవలేదో పుస్తకంలో రాత్తన్నాను. శుక్రవారం, శనివారమే ఎక్కువ. రేపు శుక్రవారం."

చాలా ఏళ్ల సర్వీసులో నన్ను అంత సూటిగా అడిగినవాళ్లు లేరు. మిషన్‌ని జబ్బు ఉన్నప్పుడు చూడాలి, రోజూ వాడేవాళ్లు వాడినట్టే వాడి చూడాలి. ఇది వైద్యం తెలిసిన ఎవరికైనా మొదటి పాఠం. నాకు ఒక క్లర్కు ఫోనులో చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు తొమ్మిదికి ముందే వెళ్లాను. తడిగుడ్డ తుడుపు అయిపోయింది. అప్పారావు గారు పళ్లెంతో వచ్చాడు. మిగతా రెండు డబ్బాలకు బటన్ పైన సందులో ఉంటుంది, అందుకని వాటికి తెర మూల మీద బొట్టు పెట్టాడు. పైడితల్లి మిషన్‌కి మాత్రం బటన్ ముందు మధ్యలో, గుండ్రంగా, నుదురులాగే ఉంది. ఉంగరపు వేలితో గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. ఆయన వెళ్లాక ఆమె బటన్ నొక్కింది. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది. నాలుగైదు సెకన్లకు ఆరిపోయింది. మళ్లీ నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆమె నా వైపు చూసింది. నేను మొదటిసారి ఆ బటన్ మీద వేలు పెట్టాను. లోపలికి దిగిపోయి ఉంది, బయటికి రావడం లేదు.

ఏ మిషనైనా ఆ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఆరిపోతుంది. ఎన్నో వారాల గంధం, కుంకుమ, దానిమీద రోజూ తడిగుడ్డ, పోర్టు దుమ్ము. అన్నీ కలిసి బటన్ చుట్టూ ఉన్న సందులో జిగురులా పట్టేశాయి. కొత్తగా బొట్టు పెట్టిన రోజు, ఆ మర్నాడు బటన్ అతుక్కుపోతుంది. ఆమె రెండు గంటలకు పైగా అదేపనిగా నొక్కగా నొక్కగా పట్టు వదులుతుంది. అప్పటికి పదకొండున్నర అవుతుంది. అప్పుడు నేను వస్తాను, స్క్రూడ్రైవర్‌తో. మద్దెల నిజంగానే ఓడు. మూడుసార్లు వాయించి చూసి బాగుందని రాసిచ్చింది నేనే.

స్విచ్చికే తెలియదు

చెప్పాలా వద్దా? దేవసహాయం అనే పేరున్నవాడు బొట్టు వల్ల మిషన్ పాడైందంటే అది ఇక కంప్యూటర్ మాట కాదు, ఊరి మాట అవుతుంది. నాకు నిజంగానే భయం వేసింది. నేను నోటితో ఏమీ చెప్పలేదు. డబ్బా ముందువైపు రేకు ఊడదీసి, బటన్ స్విచ్చి బయటికి తీసి, దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను. ఎర్రగా, నల్లగా, ముద్దలు ముద్దలుగా వచ్చింది. ఆ దూదిని కాగితం మీద పెట్టి అప్పారావు గారి బల్ల మీద ఉంచాను.

ఆయన దాన్ని వేలితో తాకి చూశాడు.

"ఇది అమ్మవారి కుంకం" అన్నాడు.

"అవునండి."

"నాను సెడు కోరి పెట్టలేదు. ఆ సంగతి అమ్మవారికి తెలుసు."

"అమ్మవారికి తెలుసండి. స్విచ్చికే తెలియదు."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ముఖం చిన్నబోయింది. ఆయన ఆ బొట్టు పెట్టింది మిషన్ బాగుండాలనే కదా. తన చేత్తో తానే ఆపాడని తెలిసిన మనిషిని చూడటం బాగుండదు. "సరే. కొత్త స్విచ్చెయ్యండి. స్విచ్చి పోయిందని రాసెయ్యండి. అంతకన్నా ఏటీ అక్కర్లేదు" అన్నాడు.

కొత్త స్విచ్చి వేశాను. "స్విచ్ మార్చబడినది" అని రాశాను. సంతకం అయింది. కాల్ మూసేశాను. సత్యం గారి సిద్ధాంతం ప్రకారం ఆ రోజుకు నేను గొప్పవాణ్ని.

మెట్లు దిగి బండి దగ్గరకు వచ్చాను. వెనకాలే పైడితల్లి వచ్చింది.

"సార్, మిషన్ బాగయింది. మీ మూడు కాగితాలూ ఫైల్లో అలాగే ఉన్నాయి కదా."

"స్విచ్చి మార్చినట్టు రాశానమ్మా."

"ఇయ్యాళ స్విచ్చి పోనాదని రాసినారు. ముందు మూడుసార్లు బాగుందనీ, నాకే వాడ్డం రాదనీ రాసినారు. సోమవారం హెడ్డాఫీసోళ్లు వత్తారు. ఆళ్లు మిషన్‌ని సూడరు సార్. ఫైలు సూత్తారు."

ఆమె గొంతు పెంచలేదు. అందుకే నాకు అంత సిగ్గేసింది. నేను అప్పటిదాకా మిషన్లు మాత్రమే బాగుచేయాలనుకున్నాను. నా కాగితాల వల్ల దెబ్బతిన్న మనిషిని బాగుచేయడం నా పనిలో లేదనుకున్నాను.

మళ్లీ మెట్లెక్కాను. అప్పారావు గారిని ఫైలు అడిగాను. ఆయనకు అర్థమైంది.

"నా బొట్టు సంగతి రాత్తారేటి అందులో?"

"లేదండి. నా తప్పు ఒక్కటే రాస్తాను."

ఆ మూడు కాగితాల మీదా అడ్డంగా ఒకే వాక్యం రాశాను: "ఈ రిపోర్టు తప్పు. లోపం స్విచ్చిలో ఉంది, నేను స్విచ్చి పరీక్షించలేదు, వాడినవారి తప్పు ఏమీ లేదు." ఒక్కోదాని కింద సంతకం పెట్టాను. మూడో సంతకం దగ్గర అప్పారావు గారు తన కలం తీసి, ఎవరూ అడగకుండానే పక్కన తనూ సంతకం చేశాడు. అప్పటినుంచి బొట్టు తెర మూలకు మారింది.

సత్యం గారికి సంగతి తెలిసి తల పట్టుకున్నాడు. "రిపోర్టు మీద తప్పయిపోనాదని రాసినోణ్ని నాను ఇదే సూడ్డం బావా. రేపు ఎవడు మనకి పని ఇత్తాడు?" అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. మరుసటి ఏడాది ఆ ఏజెన్సీ వేరే కంపెనీతో ఒప్పందం రాసుకుంది. సత్యం గారు నాతో పది రోజులు "దేవసహాయం గారూ" అనే మాట్లాడాడు. అదే నాకు పడిన శిక్ష.

పైడితల్లి ఉద్యోగం పొడిగించారు. తర్వాత రెండేళ్లకు ఇంకా మంచి పని దొరికి వెళ్లిపోయింది.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఇంతకీ నా సలహా ఏమిటంటారా? మీకు దొరకకపోతే "దొరకలేదు" అని రాయండి. "లోపం లేదు" అని రాయకండి. ఆ రెంటి మధ్య ఒక మనిషి ఉద్యోగం పడుతుంది. స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టి, ముందు వాళ్లు నొక్కినట్టే వేలితో నొక్కి చూడండి. మర్యాద మంచిదే, కానీ మర్యాద కొద్దీ చూడటం మానేసిన చోటే లోపం ఉంటుంది. ఇంతకన్నా గొప్ప రహస్యాలు కావాలంటే వీడియోలున్నాయి.

ఆ ఆఫీసు వదిలి వెళ్లేరోజు పైడితల్లి మా వర్క్‌షాపుకు వచ్చి తన పుస్తకం నాకిచ్చింది. మామూలు బడిపిల్లల నోటుపుస్తకం. "నాకింక దీంతో పనినేదు సార్. మీకు పనికొత్తాదేమో" అంది. వెక్కిరించిందో, నిజంగానే అందో ఇప్పటికీ తెలియదు. నేను రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన ప్రతి ఇంజనీరు చేతా ముందు దాన్నే చదివించాను.

పేజీ నిండా ఒకే రకం వాక్యాలు. తొమ్మిది అయిదు, నొక్కాను, రాలేదు. తొమ్మిది పది, నొక్కాను, రాలేదు. నొక్కాను, వచ్చి పోయింది. మధ్యలో మూడు చోట్ల: సారు వచ్చారు, లోపం లేదన్నారు. చివరి పేజీలో, స్విచ్చి మార్చిన మర్నాటి తేదీ కింద ఒక్క వరుస ఉంది.

తొమ్మిది రెండు. నొక్కాను. వచ్చింది. సారు అవసరం పడలేదు.